ఒక్క డాలర్ పాట

మార్చి రెండో ఆదివారం, డేటన్ ఊరి చివర
ఓర్విల్ టైర్ల కొట్టు వెనక గదిలో
పన్నెండుమందిమి మనుషుల్ని కొనుక్కోడానికి కూచుంటాం.

తలకి రెండొందల అరవై డాలర్లు.
ఉత్తుత్తి డాలర్లే,
పాట పెరిగేకొద్దీ అరచేతుల్లో పట్టే చెమట మాత్రం నిజం.

"ఎవరిస్టో బాయెస్" అని చదివాడు ఓర్విల్,
"ముప్ఫై ఏడేళ్లు. అవుట్‌ఫీల్డర్. జట్టు...
ఆగండి, మళ్లీ మారాడు."
గదంతా నవ్వింది.
లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా బ్రాంట్లీ అన్నాడు,
"ఆయన బదులు ఖాళీ కుర్చీ నయం."

తొమ్మిదేళ్ల కింద ఇతని కోసం ముప్ఫై నాలుగు పెట్టాను నేను.
అప్పుడు సెంటర్ ఫీల్డ్ మొత్తం అతని సొంత కమతం.
గోడ మీదికెగిరి
చిటారుకొమ్మ కాయని తెంపినట్టు బంతిని తెంపుకొచ్చేవాడు.
ఆ ఏడు నలభై ఒక్క బేసులు దొంగిలించాడు.
దొంగసొత్తంతా నా ఖాతాలోనే పడింది,
నేనొకదాన్ని ఉన్నానని అతనికి తెలీకుండానే.

తర్వాత మోకాలు.
తర్వాత మిల్వాకీ.
తర్వాత ఒకే వేసవిలో రెండు ఊళ్లు, పెట్టె విప్పే తీరికైనా లేకుండా.
సెంటర్ నుంచి ఎడమ మూలకి జరిపారు,
మూల నుంచి బెంచీకి.
ఇప్పుడిక ఎదుటి జట్టువాడు ఎడమచేత్తో విసిరే రోజున మాత్రమే
పిలుపు.
పేరు పక్కనుండే సెంటర్ ఫీల్డ్ గుర్తు కూడా
చలికాలంలో ఎప్పుడో, ఎవరూ చూడకుండా, తీసేశారు.

ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అంటారు.
ఆ ఏనుగునెవరూ మా వేలానికి తోలుకురాలేదు.
ముప్ఫై నాలుగు, ఇరవై రెండు, పదకొండు, నాలుగు.

"ఒక్క డాలర్" అన్నాను.
ఓర్విల్ గది చుట్టూ చూశాడు.
ఒకటోసారి. రెండోసారి.
ఎవరో చిప్స్ పొట్లం విప్పిన చప్పుడు.
"తీసుకో మార్లిస్, నీ ముసలాణ్ని."

నేను సిటీ బస్సు తోలతాను.
ఎనిమిదో నంబరు రూటు పంతొమ్మిదేళ్లు నాదే,
ఏ మలుపులో ఏ ముసలావిడ చెయ్యెత్తుతుందో
కళ్లు మూసుకుని చెప్పగలను (కళ్లు మూసుకుని తోలలేదనుకోండి).
ఇప్పుడు రిజర్వులో ఉన్నాను.
ఎవరికో జ్వరమొస్తే
తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోన్ మోగుతుంది.
సరే, ఆ సంగతి ఇక్కడెందుకు.

జూలైలో ఒక గురువారం రాత్రి.
ఎదుటి బౌలర్ కుడిచేతివాడని
బాయెస్‌ని నా జట్టులో బెంచీ మీద పెట్టేసి
డిపోలో రేడియో వింటూ కూచున్నాను.
ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బౌలర్ మారాడు.
ఎడమచేతివాడు వచ్చాడు.
రేడియోలో ఆయన అన్నాడు,
"చూడండి, మెట్లెక్కి వస్తున్నదెవరో!"

మూడో బంతి.
బ్యాటు చప్పుడు వినగానే తెలిసిపోతుంది కొన్నిసార్లు,
పచ్చికట్టె విరిగినట్టు కాదు,
ఎండుకట్టె పగిలినట్టుంటుంది.
జనం లేచిన హోరు,
ఆ హోరు మీద మాటలకి తడుముకుంటున్న రేడియో ఆయన
పాత జట్టు పేరు చెప్పి, నాలిక్కరుచుకుని,
కొత్త జట్టు పేరు చెప్పాడు.

నా లెక్కలో సున్నా.
బెంచీ మీదున్నవాడు ఎంత దూరం కొట్టినా
మా ఆటలో అది కొట్టినట్టు కాదు.
వెంటనే బ్రాంట్లీ నుంచి మెసేజ్: ఒక నవ్వే బొమ్మ.

నవ్వుకోనీ.
ఈసారి అతను కొట్టింది నాకోసం కాదు,
నా ఖాతాలోకీ కాదు,
నా డాలరుతో ఏ పనీ లేకుండా
ఆ మోకాలితోనే నాలుగు బేసులూ నింపాదిగా తిరిగాడట,
రేడియో ఆయన చెప్పాడు,
మూడో బేసు దగ్గర కాస్త కుంటుతూ.

వాల్యూమ్ పెంచాను.
పక్క బల్ల మీద తలానించి నిద్రపోతున్న ఫెర్న్ లేచి
"ఎవరు గెలిచారు?" అంది.
ఇంకా ఒక ఇన్నింగ్స్ ఉందన్నాను.